గడ్డి వెంటా, వెంటియా?

కరపత్రం: చెరువు శిఖం (నీళ్లు నిలిచే నేల) ఆక్రమణల మీద నాలుగు సంఘాలు కలిసి కరపత్రం వేస్తున్నాం. మత్స్యకారుల సొసైటీ, ఆయకట్టు రైతులు, కాలనీ సంక్షేమ సంఘం, పర్యావరణం వాళ్లు. పైన వేమన్న పద్యం పెడదామని: "ఐకమత్యమొక్కటావశ్యకంబెప్డు, దాని బలిమి నెంతయైన గూడు". మూడో పాదం "గడ్డి వెంట బెట్టి కట్టరా యేనుంగు" అని గుర్తు. "వెంటి" అంటున్నారొకరు. ఏది?

అరసున్న: వెంటే ఏమిటండీ, వెంటి! గడ్డితో పేనిన తాడు. ఛందస్సు గణాలను అడగకండి, రెండూ గలమే (గురువు, లఘువు).

శకటరేఫ: సంధిని అడగండి మరి. "బెట్టి"లో బ ఎక్కణ్నుంచి వచ్చింది? కళ (ద్రుతం లేని మాట) మీద గసడదవాదేశమొస్తే ప కాస్తా వ అయి "వెట్టి" కావాలి. సరళం, అంటే బ, వచ్చిందంటే ముందు ద్రుతం, అంటే చివరి న్, ఉంది. వెంటన్ + పెట్టి.

అరసున్న: ద్వితీయకూ ద్రుతముంది కదా మాస్టారూ. వెంటిన్ + పెట్టి, వెంటిఁ బెట్టి. మీ బ ఇద్దరికీ సాక్షే. పైగా హితోపదేశం చూడండి: "తృణైర్గుణత్వమాపన్నైర్బధ్యంతే మత్తదంతినః". గుణమంటే తాడు. తాడయ్యాకే గడ్డి ఏనుగును కట్టేది.

డప్పు: నా ఓటు "వెంట"కే. 2020 ఢిల్లీ రైతు ఉద్యమంలో సంయుక్త కిసాన్ మోర్చా అనే ఉమ్మడి వేదికలో దాదాపు 40 సంఘాలు. పెద్ద సంఘమైన బీకేయూ (భారతీయ కిసాన్ యూనియన్) ఏక్తా ఉగ్రాహాఁ మొదట్లో అందులో చేరలేదు. ఢిల్లీ సరిహద్దులోని టిక్రీ వైపు వేరే మకాం వేసి, కార్యక్రమాలు మాత్రం మాట్లాడుకుని చేసింది. పేనుకోకుండా వెంట నడవడమూ పొత్తే.
కరపత్రం గారూ, మీ నాలుగింటినీ పేనితే తెగుతుంది. పది హెక్టార్లు దాటిన చెరువైతే ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీరు చేరే హద్దు) నుంచి 30 మీటర్లు బఫర్, అంటే కట్టడాలు కూడని జాగా. కాలనీ ఇళ్లు కొన్ని అందులో పడొచ్చు. "ఆక్రమణలు కూల్చాలి" అని వేస్తే ఆ సంఘం వారంలో జారిపోతుంది. "ఎఫ్‌టీఎల్ సర్వే చేసి, హద్దురాళ్లు పాతి, మ్యాపు అందరికీ చూపాలి" అనండి, నలుగురూ సంతకం పెడతారు. కూల్చివేత సంగతి ఎవరి కరపత్రంలో వాళ్లు రాసుకోవచ్చు.

పెద్దబాలశిక్ష: మొదటి పాదం యతి (పాదం మొదటి అక్షరంతో నడుమ అక్షరం కలవడం) గమనించారా? ఐకి "ఒక్కటి + ఆవశ్యకం"లో దాగిన ఆ. రెండో పాదం ప్రాసయతి, అంటే రెండో అక్షరాలు కలవడం: దాని–యైన. ఇంత పొందిక ఉన్నా ఇది వేమన్నది కాదనే నా అనుమానం. "ఆవశ్యకంబెప్డు" ఆయన నోటి మాటేనా? బడిపంతులు కట్టినట్టుంది.

అరసున్న: సంస్కృతం కనిపిస్తే వేమన్నను వెళ్లగొట్టడం పాత జబ్బు.

డప్పు: కట్టిందెవరైనా, ముడి విప్పే పద్ధతి ముందే రాసుకోవాలి. 2011 సెప్టెంబరు 13న మొదలైన సకల జనుల సమ్మె 42 రోజులు నడిచింది. ఆర్టీసీ, సింగరేణి, ఉపాధ్యాయులు ముందే విరమించారు, ఉద్యోగులు అక్టోబరు 24న. ఒకరు ఆగగానే మిగతావాళ్ల మీద ఒత్తిడి పెరుగుతుంది. అందుకే ఒక్క పేజీ ఒప్పందం: ఉమ్మడి డిమాండు ఒకటి, మహా అయితే రెండు, కలెక్టరు పిలిస్తే సంఘానికొకరు చొప్పున నలుగురూ వెళ్లాలి, విడిగా ఎవరూ వెళ్లకూడదు, ప్రెస్‌నోటుకు నలుగురి ఆమోదం, ఫలానా గంటలోపు అభ్యంతరం రాకపోతే ఒప్పుకున్నట్టే, ఖర్చు లెక్క ఒకరు రాస్తే ఇంకొకరు చూడాలి, తప్పుకునేవాళ్లు ముందు వేదికకు చెప్పి, ఆ తర్వాతే పత్రికలకు చెప్పాలి. సంఘాల పేర్లు అక్షరక్రమంలో వేయండి. సగం తగాదాలు అక్కడే పుడతాయి.

శకటరేఫ: అక్షరక్రమమంటే ఆయకట్టు మొదటొస్తుంది. మత్స్యకారులు ఊరుకుంటారా?

డప్పు: రెండో కరపత్రంలో తిరగేయండి.

కరపత్రం: అన్నీ రాసుకున్నాను, దండాలు. ప్రెస్సుకు రేపు పొద్దున ఇవ్వాలి. వెంటా, వెంటియా?

శకటరేఫ: వెంట. అరసున్న వేయడం మరవకండి.

అరసున్న: వెంటి. అరసున్నతోనే.

పెద్దబాలశిక్ష: అది సరే, "నెంతయైన గూడు"లో కూడు అంటే సమకూరడమా, సాధ్యపడడమా? దాన్నెవరూ పట్టించుకోలేదు.