లాబ్ పిల్లకు రాత్రి పడక ఎక్కడ: బాల్కనీయా, హాలా, మన గదా?

పటమట_ఫ్లాట్
విజయవాడ, రెండో అంతస్తులో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్. తొమ్మిది వారాల లాబ్రడార్ పిల్ల. పగలంతా బాగానే ఉంటుంది, లైట్లు తీసేసరికి హాల్లో కుంయ్ కుంయ్ మంటూ మొదలుపెడుతుంది. అత్తయ్యగారు బాల్కనీలో కట్టేయమంటున్నారు. నాలుగేళ్ల పాప తన మంచం మీదే పడుకోబెట్టుకుంటానంటోంది. మొదటి నుంచీ ఎక్కడ అలవాటు చేస్తే మంచిదో చెప్పండి.

గొలుసు_వద్దు
బాల్కనీ మాట మర్చిపోండి. ఎండాకాలం పడమటి గోడ పగలంతా కాగి, అర్ధరాత్రి దాకా సెగ కక్కుతూనే ఉంటుంది. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, రొప్పితేనే ఒంట్లో వేడి బయటికి పోతుంది. మీ ఊరి ఉక్కలో అదీ సరిగ్గా పనిచేయదు. పైగా రాత్రిపూట గొలుసు మెడకు చుట్టుకుంటే చూసే దిక్కుండదు. పొట్టి గొలుసుతో గంటల తరబడి కట్టి ఉంచడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం సెక్షన్ 11 కింద నేరం కూడా.

ఇక ఏడుపు. మొన్నటిదాకా తల్లి పొట్టకు ఆనుకుని, తోటి పిల్లల మీద పడి నిద్రపోయిన ప్రాణం అది. హాల్లో ఒక్కత్తీ ఉండలేకే ఏడుస్తుంది, మొండితనం కాదు. మొదటి రెండు వారాలు క్రేట్ (కుక్క పడుకునే, తలుపున్న జాలీ పెట్టె) మీ మంచం పక్కనే, చెయ్యి కిందికి వేస్తే అందేలా పెట్టండి. ఏడుపు పూర్తిగా ఆగాక రెండు మూడు రాత్రులకోసారి రెండడుగులు గుమ్మం వైపు జరుపుతూ హాల్లోకి తీసుకెళ్లండి. మళ్లీ ఏడిస్తే ముందున్న చోటికే తెచ్చి ఇంకో నాలుగు రోజులు ఆగండి.

లాబ్‌కు 42 అంగుళాల క్రేట్, మధ్యలో జరుపుకునే అడ్డు జాలీ ఉన్నది కొనండి. పిల్ల నిలబడి, చుట్టూ తిరిగి, కాళ్లు చాపి పడుకునేంత చోటే వదలండి. అంతకంటే ఎక్కువ ఇస్తే ఒక మూల ఉచ్చ పోసి ఇంకో మూల పడుకుంటుంది. లోపల ఉన్నంతసేపూ మెడపట్టీ తీసేయండి, జాలీకి తగులుకుంటుంది. మొదటి రోజే తలుపు వేసేయకండి. పగలు అన్నం గిన్నె లోపలే పెట్టి తలుపు తీసి ఉంచండి. అది అలవాటయ్యేదాకా రాత్రిళ్లు క్రేట్ చుట్టూ ప్లేపెన్ (మడతపెట్టే జాలీ కంచె) కడితే చాలు.

తెల్లారి_వాక్
పై మాటలతో ఏకీభవిస్తూ, టైమింగు గురించి. రెండు నెలల పిల్ల మహా అయితే మూడు గంటలు ఆపుకోగలదు. రాత్రి తిండి ఏడుకల్లా అయిపోవాలి. నీళ్లు మాత్రం ఎండాకాలంలో అస్సలు ఆపకండి. పదిన్నరకు ఒకసారి కిందికి తీసుకెళ్లి, ఒంటిగంటన్నరకు, నాలుగున్నరకు అలారం పెట్టుకోండి. అది ఏడ్చాక లేస్తే ఏడిస్తేనే తలుపు తీస్తారని నేర్చుకుంటుంది. ఎత్తుకునే దింపండి: టీకాలు పూర్తికాలేదు, మెట్ల మీదే పోసేస్తుంది కూడా. వీధికుక్కలు తిరగని చోటు ఒకటి చూసుకుని రోజూ అక్కడికే వెళ్లండి. మాటలు, ఆటలు వద్దు. ఐదు నిమిషాల్లో పోయకపోతే తిరిగి క్రేట్‌లోకి, పావుగంటాగి మళ్లీ ప్రయత్నం. రాత్రంతా పొడిగా ఉంటున్న కొద్దీ అలారం అరగంట చొప్పున ఆలస్యం చేస్తూ పోండి.

ఇంట్లో పోస్తే ఎంజైమ్ క్లీనర్‌తో (ఉచ్చ వాసనను మూలంతో సహా పోగొట్టే ద్రవం) తుడవండి. ఫినాయిల్ వాసన మనకు ఉచ్చ వాసనను కప్పేస్తుంది గానీ దాని ముక్కుకు కాదు, మళ్లీ అక్కడే పోస్తుంది. వెనిగర్ టైల్స్ మీద పరవాలేదు, మార్బుల్ మీద మచ్చలు పడతాయి.

గోమార్ల_శత్రువు
పాప మంచం మీద మాత్రం వద్దండీ, ఈ విషయంలో గట్టిగా చెప్తున్నాను. గాఢనిద్రలో ఉన్న కుక్క మీద చిన్నపిల్లల కాలు పడితే ఉలిక్కిపడి పళ్లు తగిలించవచ్చు. ఈ వయసు కుక్కపిల్లల కడుపులో ఏలికపాములు మామూలే. నులిపురుగుల మందు మూడు నెలలు వచ్చేదాకా రెండు వారాలకోసారి, ఆపైన ఆరు నెలల దాకా నెలకోసారి వేయిస్తారు. మలాన్ని ఏ రోజుకారోజు ఎత్తేయండి. అందులోని గుడ్లు మనకు అంటుకునే దశకు రావడానికి రెండు వారాలైనా పడుతుంది.

గోమార్లు ఒంటి మీదే ఉంటాయనుకుంటారు. ఆడ గోమారు రక్తం తాగి, శనగగింజంత ఉబ్బి, కిందికి రాలి, గోడ పగులులోనో మంచం కోడు సందులోనో వేల గుడ్లు పెడుతుంది. అందుకే పడక గోడకు జానెడు ఎడంగా ఉండాలి, పరుపు తొడుగు వారానికోసారి వేడినీళ్లలో ఉతకాలి. రోజూ చెవుల లోపల, వేళ్ల మధ్య, మెడపట్టీ కింద చూడండి. మందు మాత్రం పిల్ల బరువు చూసి డాక్టరే రాయాలి.

పటమట_ఫ్లాట్
థాంక్సండీ. మా గదిలో ఏసీ వేస్తాం, 24లో. చలి చేయదా? గచ్చు మీద బట్ట పరిస్తే సరిపోతుందా?

గొలుసు_వద్దు
26లో పెట్టి ఫ్యాన్ వేయండి, గాలి నేరుగా క్రేట్‌కు తగలనీయకండి. ముడుచుకుని వణికితే చలి, పరుపు దిగి గచ్చు మీద పొట్ట ఆనిస్తే వేడి. అందుకే సగం పరుపు, సగం ఖాళీ ఉంచండి, దానికి కావలసింది అదే చూసుకుంటుంది. ఇప్పటికి మడత పెట్టిన దుప్పటి చాలు. పెద్దయ్యాక మూడు నాలుగు అంగుళాల గట్టి ఫోమ్ కావాలి. బరువైన కుక్కలు వట్టి గచ్చు మీద పడుకుంటే మోచేతుల దగ్గర వెంట్రుకలు ఊడి కాయలు కాస్తాయి, ఒక్కోసారి నీరు పట్టి వాస్తుంది. పళ్లు వచ్చే వయసు కదా, ఫోమ్ కొరికి మింగుతుంటే ఆ పరుపు తీసేసి పాత దుప్పటే వేయండి.