చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తే ఇంజిన్ వణుకుతోంది, ముందు ఏం చూడాలి?

నాది నాలుగు సిలిండర్ల పెట్రోల్ కారు. రాత్రంతా ఆగి ఉన్న బండిని పొద్దున్నే స్టార్ట్ చేస్తే ఇంజిన్ గడగడా వణుకుతోంది. స్టీరింగ్, గేర్ రాడ్ రెండూ ఊగుతాయి. 1200 దగ్గర నిలబడాల్సిన ఆర్‌పీఎం 600కి పడిపోయి మళ్లీ లేస్తుంది. పొగగొట్టం దగ్గర పచ్చి పెట్రోల్ వాసన. వేడెక్కాక మాత్రం ఏమీ ఎరగనట్టు నున్నగా నడుస్తుంది.

చెక్ ఇంజిన్ లైటు వెలిగితే స్కానర్ పెట్టించాను. పీ0302 అనే కోడ్ వచ్చింది, అంటే రెండో సిలిండర్‌లో మిస్‌ఫైర్ (పెట్రోల్ సరిగ్గా మండకపోవడం). కొత్త ప్లగ్గులు వేసినా తేడా లేదు. రెండో సిలిండర్ కాయిల్‌ని (ప్లగ్గుకు కరెంటు ఇచ్చేది) మూడోదానితో మార్చి చూసినా అదే కోడ్, కాబట్టి కాయిల్ బాగానే ఉన్నట్టు. మెకానిక్ ఇంజిన్ మౌంట్లు (ఇంజిన్‌ని బండికి పట్టి ఉంచే రబ్బరు దిమ్మలు) మార్చేద్దాం అంటున్నాడు. మౌంట్లు పోతే వణుకు రావచ్చు గానీ మిస్‌ఫైర్ కోడ్ ఎందుకొస్తుంది? నాకైతే నమ్మకం కుదరట్లేదు.

రెండో సిలిండర్‌కి పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్ రాత్రిపూట చుక్కచుక్కగా కారుతోందేమోనని నా అనుమానం. ఇంకోపక్క కూలెంట్ కూడా కొద్దిగా తగ్గింది, హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ బ్లాక్‌కీ పైనుండే హెడ్‌కీ మధ్య సీలు) పోయిందేమోనని అదో టెన్షన్. ఇంజిన్ విప్పకుండా ఈ రెండింట్లో ఏదో తేలాలంటే ముందు కంప్రెషన్ టెస్టు (సిలిండర్‌లో ఒత్తిడి కొలవడం) చేయించాలా, కూలెంట్ ప్రెజర్ టెస్టా? అప్పటిదాకా బండి నడపొచ్చా? ఇలాంటిది చూసినవాళ్లు కాస్త చెప్పండి.