నున్నటి టైల్స్ మీద కుందేలు జారిపోతోంది, ఏమి పరచాలి?

మా కుందేలుకు రెండేళ్లు, బరువు 1.8 కిలోలు. నెల క్రితం గరుకు గచ్చు ఉన్న ఇంటి నుంచి ఫ్లాటుకు మారాం. ఇక్కడ అన్ని గదుల్లోనూ అద్దంలా మెరిసే విట్రిఫైడ్ టైల్సే. కుక్కకు, పిల్లికి ఉన్నట్టు కుందేలు అరికాళ్లకు మెత్తలు ఉండవు, అంతా బొచ్చే. ఇక పట్టు ఎక్కడ దొరుకుతుంది? గంతు వేస్తే వెనక కాళ్లు రెండూ చెరో పక్కకు జారిపోతున్నాయి. రెండు వారాలుగా బోను ముందు వేసిన గోనెపట్టా దాటి రావడం లేదు. మేత, పెంటికలు మామూలుగానే ఉన్నాయి. పశువైద్యుడు కాళ్లు, నడుము పరీక్షించి దెబ్బ ఏమీ లేదన్నారు. గోళ్లు కత్తిరించినా తేడా రాలేదు.

యోగా మ్యాట్ పరిస్తే మూడో రోజుకే అంచులు కొరికి ముక్కలు మింగబోయింది, వెంటనే తీసేశాం. తుంగచాప తానే జారుతుంది, పైగా దానికి అది ఫలహారం. జంపఖానా అడుగున రెండు వైపులా అంటుకునే టేపు వేస్తే పట్టు బాగానే దొరికింది. కానీ తడిగుడ్డ పెట్టినప్పుడల్లా టేపు ఊడుతోంది, ఇది పోగులు లాగి నములుతోంది. అవి పేగుల్లో అడ్డుపడతాయేమోనని భయం. మేజోళ్లు తొడగమని ఒకరు సలహా ఇచ్చారు. ఆ ప్రయోగం పది సెకన్లు కూడా నిలవలేదు.

హాలు 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు. అద్దె ఇల్లు కాబట్టి జిగురు వాడలేం. జారకుండా నిలిచేది, కొరికినా ప్రమాదం లేనిది, ఉతకడానికి వీలైనది మీ ఇంట్లో కుందేలు కోసం ఏది పరిచారు?