ఏడో తరగతి పాపకు రోజూ 40 లెక్కలు: ఎక్కువా, తక్కువా?

నూజివీడు రసాలు:
మా పాప ఏడో తరగతి. సాయంత్రం గైడ్‌లోంచి 40 లెక్కలు చేస్తుంది, వెనకున్న జవాబులు చూసి తనే టిక్కులు పెట్టుకుంటుంది. వేసవి నుంచీ ఇదే వరస. యూనిట్ టెస్టు మార్కులు మాత్రం కదలట్లేదు. ఇంకా పెంచాలా?

పల్నాటి పంతులు:
తగ్గించండమ్మా, పది చాలు. కానీ ఆ పదీ ఎలా చేసిందో చూడాలి, జవాబొక్కటే కాదు. 52లోంచి 37 తీసేస్తే 25 అని రాసే పిల్లలు నాకు ఏటా తగులుతారు. 2లోంచి 7 పోదు కదా, అందుకని 7లోంచి 2 తీసేస్తారు. వాళ్ళ దృష్టిలో అదే పద్ధతి. అలా 40 చేయిస్తే తప్పే అలవాటవుతుంది. భిన్నాల్లో 1/2 + 1/3 = 2/5 కూడా ఇంతే, పైవీ పైవీ, కిందివీ కిందివీ కలిపేస్తారు. 'సగానికి ఇంకొంచెం కలిపితే సగం కన్నా తగ్గుతుందా?' అని అడగండి చాలు, తనే ఆలోచనలో పడుతుంది.

మొండిఘటం:
ముందు ఎక్కాలు. 20వ ఎక్కం దాకా మా నాన్న రోజూ అప్పజెప్పించుకునేవారు. ఈఏపీసెట్ ఇంజినీరింగ్‌లో 180 నిమిషాలకు 160 ప్రశ్నలు, అందులో 80 లెక్కలే. అక్కడ మీ పద్ధతి ఎవరు చూస్తారు? వేగం కావాలి.

చాయ్ బిస్కట్:
ఏడో తరగతికే ఈఏపీసెట్టా సామీ!

పల్నాటి పంతులు:
ఎక్కాలు వద్దని నేనెక్కడన్నాను?

మొండిఘటం:
పది చాలన్నారుగా. పది లెక్కలతో ఎక్కాలెలా వస్తాయి?

దక్కన్ బండి:
ఇజ్రాయెల్‌లో రూత్ బట్లర్ చేసిన అధ్యయనం ఒకటి 1988లో వచ్చింది. కొందరు పిల్లలకు మార్కులు, కొందరికి వ్యాఖ్యలు, కొందరికి రెండూ ఇచ్చారు. మెరుగుపడింది వ్యాఖ్యలు మాత్రమే అందుకున్నవాళ్ళు. మార్కు కనబడితే పిల్లలు పక్కన రాసింది పట్టించుకోరు.

మొండిఘటం:
వాళ్ళకిచ్చినవి బడి లెక్కలు కావుగా.

దక్కన్ బండి:
కావు. అయితే?

మొండిఘటం:
అయితే ఏముంది, ఇక్కడ పనికిరాదు. వ్యాఖ్యలట! మావాడి నోటుబుక్కులో తప్పు లెక్కకు కూడా టిక్కు, కింద పొట్టి సంతకం. ఏడాదంతా అంతే. పేజీ చదవని మాస్టార్లు ఇక్కడికొచ్చి తల్లిదండ్రులకు పాఠాలు చెబుతారు.

పల్నాటి పంతులు:
నాకు నాలుగు సెక్షన్లు, సెక్షన్‌కు యాభై పైన పిల్లలు. రోజూ రెండొందల నోటుబుక్కులు వరస వరసా చదివి చూడండి, తర్వాత మాట్లాడదాం. ఇంట్లో పావుగంట కూర్చోలేనివాళ్ళు మమ్మల్ని అనడం తేలిక.

నూజివీడు రసాలు:
ఆ ఇంట్లో కూర్చోలేని మనిషిని నేనే మాస్టారూ. షాపు కట్టేసి వచ్చేసరికి తొమ్మిదిన్నర. పాపకు అప్పటికే నిద్ర. గైడ్ చేత దిద్దించక ఎవరిచేత దిద్దించను? నేను చదివిందీ ఎనిమిదో తరగతి వరకే.

చాయ్ బిస్కట్:
ఇప్పుడొచ్చింది అసలు సంగతి.

పల్నాటి పంతులు:
మిమ్మల్ని ఉద్దేశించి అనలేదమ్మా. పాపను పది చేయమనండి, ఒకే రకం కాకుండా కలిపి. తప్పు పోయినవాటి పక్కన 'ఇక్కడ ఇలా అనుకున్నాను' అని ఒక ముక్క రాయమనండి. వారానికోసారి అవి మాత్రం తీసి తననే చెప్పమనండి. చెబుతూ ఎక్కడ తడబడుతుందో పట్టుకోవడానికి మీకు లెక్కలు రానక్కర్లేదు.

మొండిఘటం:
అంటే బడిలో జరగాల్సిన పని ఆదివారం పూట ఈవిడ నెత్తిన. జీతం ఎవరిది?

పల్నాటి పంతులు:
సెక్షన్‌కు ముప్పై మందినివ్వమనండి, ఆదివారం నేనే దిద్దుతాను.

నూజివీడు రసాలు:
ఆదివారం కూడా షాపుందండీ. సోమవారం సెలవు. ఆ రోజు కూర్చోబెడతాను.

మొండిఘటం:
ఎక్కాలు కూడా అడగండి.