పై అంతస్తుకి వైఫై: పెద్ద రౌటరా, మెష్షా, కేబులా?

హన్మకొండ వాసి: మాది కింద, పైన రెండు పోర్షన్ల ఇల్లు. 200 ఎంబీపీఎస్ ఫైబర్ లైన్. కనెక్షన్ ఇచ్చినవాళ్ళు పెట్టిన డబ్బా కింద హాల్లో ఉంది. పైగదిలో ఆఫీసు కాల్ మధ్యలో మాట తెగిపోతోంది, రోజూ టెన్షన్. షాపులో ఆరు యాంటెన్నాల రౌటర్ చూపించి ఇది చాలన్నారు. తమ్ముడు మెష్ (ఒకే వైఫైని ఇల్లంతా పంచే రెండు మూడు యూనిట్ల సెట్) అంటున్నాడు. ఏది తీసుకోమంటారు?

గుంటూరు నెట్‌వర్క్: యాంటెన్నాలు లెక్కపెట్టి కొనకండి. రౌటర్ ఎంత గట్టిగా పంపినా, మీ ల్యాప్‌టాప్ పంపే సిగ్నల్ కూడా అదే స్లాబు దాటి కిందికి రావాలి కదా. దాని పవర్ కొత్త రౌటర్‌తో పెరగదు. వైఫై వాడే బ్యాండ్లలో (రేడియో తరంగాల శ్రేణుల్లో) 5 గిగాహెర్ట్జ్ వేగంగా ఉంటుంది కానీ కాంక్రీటు దగ్గర నీరసిస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్ కొంచెం నయం, అయితే అందులో ఒకదాన్నొకటి తగలని ఛానళ్ళు 1, 6, 11 మాత్రమే. వాటిలోనే చుట్టుపక్కల ఇళ్ళన్నీ ఉంటాయి. క్యాట్ 6 రకం నెట్‌వర్క్ కేబుల్ పైకి లాగి, అక్కడొక యాక్సెస్ పాయింట్ (కేబుల్‌లో వచ్చిన నెట్‌ని వైఫైగా ఇచ్చే డబ్బా) పెట్టండి. 100 మీటర్ల దాకా గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) వేగం వస్తుంది.

విశాఖ అద్దిల్లు: అందరికీ కేబుల్ కుదరదండీ. మా ఓనరు గోడకి మేకు కూడా కొట్టనివ్వరు. మెష్ రెండో యూనిట్‌ని మెట్ల మలుపు దగ్గర పెట్టాం, కాల్స్ బాగానే నడుస్తున్నాయి. దాన్ని సిగ్నల్ పోయిన గదిలో కాదు, ఇంకా బాగా అందే చోట పెట్టాలి. చాలామంది ఇక్కడే పొరబడి మెష్‌ని తిడతారు.

గుంటూరు నెట్‌వర్క్: అద్దింటికి మెష్ సరే. కానీ రెండు బ్యాండ్ల మెష్‌లో ఒకే రేడియో ఫోన్‌తోనూ, కింది యూనిట్‌తోనూ మాట్లాడితే వేగం దాదాపు సగం పడిపోతుంది. సొంతిల్లు ఉండి ఆ నష్టం ఎందుకు భరించాలి? ఏది కొన్నా పోర్టులు (కేబుల్ గుచ్చే చోట్లు) చూడండి. రౌటర్ల మీద రాసే ఏసీ1200 అంటే రెండు బ్యాండ్ల వేగాలు 300, 867 కలిపి సుమారుగా వేసిన లెక్క, ఒక్క ఫోనుకి ఆ వేగం రాదు. ఆ రకం చౌక రౌటర్లలో చాలావాటికి 100 ఎంబీపీఎస్ పోర్టులే ఉంటాయి. మీ లైన్‌లో సగం అక్కడే ఆగిపోతుంది.

హన్మకొండ వాసి: సొంతిల్లే. పాత డిష్ వైరు పైపు పైదాకా ఉంది. ఇంట్లో పాత రౌటర్ ఒకటి ఉంది, అది పనికొస్తుందా?

గుంటూరు నెట్‌వర్క్: గిగాబిట్ పోర్టులుంటే వస్తుంది. డిష్ పైపులోంచే లాగండి, కరెంటు వైర్ల పైపులో మాత్రం వద్దు. పాతదాన్ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టండి. లేకపోతే పైన వేరే నెట్‌వర్క్ తయారై కింది ప్రింటర్ కనబడదు. కింద ఉన్న వైఫై పేరు, పాస్‌వర్డే పైనా ఇవ్వండి.