ఫ్యూయల్, మెయింటెనెన్స్ ఖర్చులు రెండూ కలిసి తగ్గే పనులేవి? పది ఎ320ల లెక్క

లెక్కల_డెస్క్:

పది ఎ320లున్న ఎయిర్‌లైన్ అనుకోండి. ఆరు సీఎఫ్ఎం56 ఇంజిన్ల పాతవి, నాలుగు లీప్ ఇంజిన్ల నియోలు (ఎ320లో కొత్త రకం). ఒక్కో విమానం రోజుకు ఆరు సెక్టార్లు (ఒకసారి ఎగిరి దిగితే ఒక సెక్టార్), సెక్టారుకు సగటున గంటన్నర.

ఫ్లైట్ ఆపరేషన్స్ వాళ్లు ఫ్యూయల్ ఆదా అని ఒక జాబితా ఇస్తారు. ఇంజినీరింగ్ వాళ్ల జాబితా వేరే. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే కొన్ని ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నాయి. ఐడిల్ రివర్స్‌తో (దిగాక వేగం తగ్గించే ఇంజిన్ రివర్స్‌ని కనీస శక్తితోనే వాడి) దిగితే ఫ్యూయల్ మిగులుతుందని వాళ్లు, బ్రేకులు అరుగుతాయని వీళ్లు. ఫ్లెక్స్ టేకాఫ్‌తో (పూర్తి థ్రస్ట్, అంటే ఇంజిన్ తోపు, వాడకుండా ఎగరడం) ఫ్యూయల్ కూడా తగ్గుతుందని ఒక ప్రెజెంటేషన్‌లో ఉంది, అది నిజమేనా? రెండు పద్దుల్లోనూ తగ్గేవి ఏవి, ముందు ఏది పట్టుకోవాలి? పరికరాలు కొనడానికి పెద్దగా బడ్జెట్ లేదు.

ఏప్రాన్_సైడ్:

ముందు ఏపీయూని పట్టుకోండి. నేల మీద ఉన్నప్పుడు కరెంటు, గాలి ఇవ్వడానికి తోకలో ఉండే ఆ చిన్న ఇంజిన్ గంటకు 100 నుంచి 130 కిలోలు తాగుతుంది. క్యాబిన్ ఏసీకి గాలి ఇస్తుంటే పై అంకెకు దగ్గరగా ఉంటుంది. దాని ఓవర్‌హాల్ కూడా తిరిగిన గంటల మీదే నడుస్తుంది, చాలా కాంట్రాక్టుల్లో గంటకింత అనే రాసి ఉంటుంది. కాబట్టి తిరగని ప్రతి గంటా రెండు పద్దుల్లోనూ మిగులే.

మీ అంకెలే వేద్దాం. టర్నరౌండ్‌కు (దిగి మళ్లీ బయల్దేరే మధ్య విరామం) ఏపీయూ 20 నిమిషాలు తగ్గితే, రోజుకు 60 టర్నరౌండ్లకు 20 గంటలు. గంటకు 120 కిలోల చొప్పున 2,400 కిలోలు, అంటే దాదాపు 3,000 లీటర్లు. కిలోలీటరు 90 వేలు అనుకుంటే రోజుకు 2 లక్షల 70 వేలు. ఇందులోంచి గ్రౌండ్ పవర్ ఛార్జీ, చల్లగాలి ఛార్జీ తీసేయాలి. అది తీయకుండానే చప్పట్లు కొట్టించుకునే ప్రెజెంటేషన్లే ఎక్కువ.

ఇంత తేలిక పని స్టాండ్ (విమానం ఆగే చోటు) మీద ఎందుకు జరగదంటే, క్రూకి నమ్మకం ఉండదు. జీపీయూ (విమానానికి బయటి నుంచి కరెంటు ఇచ్చే గ్రౌండ్ యూనిట్) సిద్ధంగా ఉంటుందో లేదో తెలియక ట్యాక్సీలోనే (రన్‌వే నుంచి స్టాండ్‌కి వస్తుండగానే) ఏపీయూ వేసేస్తారు. పాత జీపీయూల్లో ఇంకో చిక్కు ఉంది. 115 వోల్టులు, 400 హెర్ట్జ్ నిలకడగా రావాలి. గ్యాలీ ఓవెన్ల లోడు పడగానే అవి ఊగిపోతే విమానమే ఆ పవర్‌ని వదిలేస్తుంది, క్యాబిన్ చీకటైపోతుంది. ఒకసారి అలా జరిగితే ఆ కెప్టెన్ ఆ స్టేషన్‌లో మళ్లీ జీపీయూని నమ్మడు.

ఎండాకాలం సమస్య చల్లగాలి గొట్టంది. మే నెల మధ్యాహ్నం విజయవాడలో గొట్టం ఒక మడత పడి ఉంటే, కప్లింగ్ దగ్గర కాస్త లీకు ఉంటే, క్యాబిన్ చల్లబడదు. ప్రయాణికులు గొడవ చేస్తారు, ఏపీయూ మొదలవుతుంది. గొట్టాన్ని మెలిక లేకుండా సాగదీసి పెట్టడం, దిగేటప్పుడే కిటికీ షేడ్లు దించమని ప్రయాణికులకు చెప్పడం, ఈ రెండూ పైసా ఖర్చు లేనివి.

ఒక జాగ్రత్త. 25 నిమిషాల టర్నరౌండ్‌లో ఏపీయూ ఆపి పది నిమిషాలకు మళ్లీ వేస్తే ఒక స్టార్ట్ అదనంగా పడుతుంది. దాని హాట్ సెక్షన్‌కి (మంట, టర్బైన్ ఉండే వేడి భాగం) స్టార్టే కష్టకాలం. అందుకే నియమం "మధ్యలో ఆపండి" అని కాదు, "దిగాక వేయకండి, పుష్‌బ్యాక్‌కి ఐదు నిమిషాల ముందు వేయండి" అని ఉండాలి.

బోర్‌స్కోప్_కన్ను:

ఫ్లెక్స్ సంగతి. ఆ ప్రెజెంటేషన్ తప్పు. థ్రస్ట్ తగ్గించి ఎగిరితే విమానం నెమ్మదిగా ఎక్కుతుంది, తక్కువ ఎత్తులో ఎక్కువసేపు ఉంటుంది, కాబట్టి ఆ ఒక్క ఫ్లైట్‌లో ఫ్యూయల్ కొద్దిగా ఎక్కువే అవుతుంది, కొన్ని కిలోలు. కానీ టర్బైన్ బ్లేడ్ల మీద వేడి తగ్గుతుంది, ఈజీటీ మార్జిన్ (ఎగ్జాస్ట్ వేడి దాని పరిమితికి ఇంకా ఎంత దూరంలో ఉందన్నది) నెమ్మదిగా కరుగుతుంది, ఇంజిన్ షాపుకి వెళ్లే రోజు వెనక్కి జరుగుతుంది. అరగని ఇంజిన్ క్రూజ్‌లో తక్కువ తాగుతుంది కాబట్టి, ఫ్లెక్స్ ఫ్యూయల్ లాభం ఏడాది లెక్కలో దొరుకుతుంది తప్ప ట్రిప్ లెక్కలో కాదు. నీళ్లు నిలిచిన రన్‌వే, విండ్‌షియర్ (గాలి ఒక్కసారిగా మారడం) అనుమానం ఉంటే ఫ్లెక్స్ మాటే ఎత్తకూడదు, పూర్తి థ్రస్టే.

ఇక్కడ చాలామంది చూడని గొడవ ఒకటి ఉంది. ట్యాక్సీ రెండు నిమిషాలు కలిసొస్తుందని ఇంటర్‌సెక్షన్ నుంచి (రన్‌వే మొదట్నుంచి కాక మధ్యలో ట్యాక్సీవే కలిసేచోటు నుంచి) ఎగురుతారు. రన్‌వే పొట్టిదైతే ఫ్లెక్స్ టెంపరేచర్ (థ్రస్ట్ ఎంత తగ్గించొచ్చో చెప్పే అంకె) పడిపోతుంది, మిగిలిన పాతిక కిలోలకు బదులు బ్లేడ్లు కాలుస్తున్నట్టే. శంషాబాద్ రన్‌వే 4,260 మీటర్లు, అక్కడ మధ్య నుంచి ఎగిరినా చాలా సందర్భాల్లో అంకె మారదు. పర్ఫార్మెన్స్ యాప్‌లో రెండూ వేసి చూడమనండి. అంకె మారకపోతే ఇంటర్‌సెక్షన్, మారితే పూర్తి పొడవు.

రెండు పద్దుల్లోనూ తగ్గేది ఇంజిన్ వాష్. కంప్రెసర్ బ్లేడ్ల మీద దుమ్ము, నూనె జిడ్డు పేరుకుంటే అంతే థ్రస్ట్‌కి ఎక్కువ ఫ్యూయల్ పోయాలి, ఈజీటీ పెరుగుతుంది. మంచి కోర్ వాష్ తర్వాత సాధారణంగా అర శాతం నుంచి ఒక శాతం లోపు తిరిగొస్తుంది. పాత ఎ320 క్రూజ్‌లో గంటకు దాదాపు 2,400 కిలోలు తాగుతుంది. అర శాతం అంటే 12 కిలోలు, మీ తొమ్మిది గంటలకు విమానానికి రోజుకు వంద కిలోల పైనే. ఈ లాభం నిలవదు, వారాలు గడిచేకొద్దీ తరుగుతుంది.

చేసేటప్పుడు చెడేది ఎక్కడో చెప్తాను. ఇంజిన్ చల్లారాలి. బ్లీడ్ వాల్వులు (ఇంజిన్ గాలిని ఏసీ వైపు వదిలేవి) మూసి ఉన్నాయో లేదో ఒకటికి రెండుసార్లు చూడాలి. తెరిచి ఉంటే డిటర్జెంట్ నీళ్లు ఏసీ పైపుల్లోకి వెళ్లి, మర్నాడు ఉదయం మొదటి ఫ్లైట్‌లో వాసన వస్తోందని రిపోర్ట్ వస్తుంది. ప్రెజర్ సెన్సింగ్ లైన్లలోకి నీరు చేరితే ఫాల్ట్ మెసేజ్‌లు మొదలవుతాయి. స్టార్టర్‌తో క్రాంక్ చేస్తాం (మండించకుండా తిప్పుతాం) కాబట్టి దాని డ్యూటీ సైకిల్ (ఒకసారికి ఎంతసేపు తిప్పొచ్చన్న పరిమితి) దాటకూడదు, మధ్యలో చల్లారనివ్వాలి. చివర్లో ఇంజిన్ ఐడిల్‌లో నడిపి ఆరబెట్టాలి. రాత్రి హడావిడిలో ఎగ్గొట్టేది ఈ ఆఖరి పనే.

క్యాలెండర్ చూసి కాక ట్రెండ్ (ఈజీటీ, ఫ్యూయల్ అంకెల పోకడ) చూసి కడగండి. ఉత్తరాదిన ధూళి తుఫాన్ల కాలంలో ఎక్కువ తిరిగిన విమానాలు ముందు. వాష్‌కి ముందు, తర్వాత స్థిరమైన క్రూజ్ స్నాప్‌షాట్లు పదేసి పోల్చండి. అదే రాత్రి ఇంజిన్ మీద ఇంకేదైనా మార్చితే లాభం దేనిదో తేలదు.

నియోల గురించి ఒక మాట. లీప్ దాదాపు 15 శాతం ఫ్యూయల్ తగ్గించిన మాట నిజమే, కానీ వేడి, దుమ్ము ఉన్న చోట దాని టర్బైన్ బ్లేడ్లు, ఫ్యూయల్ నాజిళ్లు అనుకున్నంత కాలం రాలేదు. ఇసుక కరిగి బ్లేడ్ మీద గాజులా అతుక్కునే పొర మామూలు నీళ్లకు పోదు. నాజిళ్లలో మసి కట్టకుండా రివర్స్ బ్లీడ్ సిస్టమ్ తెచ్చారు. లీప్-1ఎ కొత్త టర్బైన్ బ్లేడ్ కిట్‌కి 2024 చివర్లో అనుమతి వచ్చింది. ఇంజిన్ షాపుకి ఎలాగూ వెళ్లేటప్పుడు ఈ రెండూ వేయించారో లేదో అడగండి.

లెఫ్ట్_సీట్:

ఒక ఇంజిన్‌తో ట్యాక్సీ గురించి. దిగాక చేసేది మేలు, ఎగిరే ముందు చేసేది లెక్క చూసి చేయాలి.

దిగాక మూడు నిమిషాలు ఇంజిన్ చల్లారనిచ్చి రెండో ఇంజిన్ ఆపితే నిమిషానికి నాలుగు కిలోల చుట్టూ మిగులుతుంది. ఆపే ముందు యెల్లో ఎలక్ట్రిక్ పంప్ (యెల్లో అనే హైడ్రాలిక్ వ్యవస్థది) ఆన్ చేయాలి. లేకపోతే పీటీయూ (ఒక హైడ్రాలిక్ వ్యవస్థ ఒత్తిడితో ఇంకోదాన్ని నడిపే పరికరం) మొదలై కింద కుక్క మొరుగుతున్నట్టు శబ్దం వస్తుంది, వెనక సీట్లవాళ్లు కంగారు పడతారు. ఎక్కుడు వాలు, మూల తిరుగుడు, తడి ట్యాక్సీవే ఉన్నచోట వద్దు. ఒక ఇంజిన్‌తో కదలడానికి థ్రస్ట్ ఎక్కువ పెడితే వెనకున్న ట్రాలీలు ఎగిరిపోతాయి.

ఎగిరే ముందైతే రెండో ఇంజిన్ స్టార్ట్‌కి ఏపీయూ నడుస్తూనే ఉండాలి. అది నిమిషానికి రెండు కిలోలు తినేస్తుంది, సగం లాభం అక్కడే పోయింది. లీప్‌లో రోటర్ (ఇంజిన్‌లో తిరిగే ఇరుసు) వంపు తీయడానికి స్టార్ట్‌కి ముందు కొంతసేపు ఊరికే తిప్పాలి, ఆ తర్వాత వార్మప్. ట్యాక్సీ పది నిమిషాల లోపే అయితే నియోల్లో దీన్ని వదిలేయండి. ఢిల్లీ, ముంబై క్యూల్లో పనికొస్తుంది.

ఇక బ్రేకులు. కార్బన్ బ్రేకు ఎంత గట్టిగా నొక్కామన్న దానికన్నా ఎన్నిసార్లు నొక్కామన్న దాని మీదే ఎక్కువ అరుగుతుంది. ట్యాక్సీలో కాలు పెడల్ మీదే ఉంచి కొంచెం కొంచెం నొక్కుతూ పోయేవాళ్లు, గట్టిగా ఒకసారి ఆపేవాళ్ల కన్నా ఎక్కువ అరగదీస్తారు. పద్ధతి ఏంటంటే 30 నాట్ల దాకా పోనిచ్చి, ఒక్కసారి మెత్తగా నొక్కి 10కి తేవడం. రెండు ఇంజిన్ల ఐడిల్ థ్రస్టే ఖాళీ విమానాన్ని తోసేస్తుంటుంది, కాబట్టి ఒక ఇంజిన్ ట్యాక్సీ బ్రేకుకీ మేలే. మీ రెండు జాబితాలూ ఇక్కడ కలుస్తాయి.

ఐడిల్ రివర్స్‌తో ఒక ల్యాండింగ్‌కి 10 నుంచి 15 కిలోలు మిగులుతాయి, ఇంజిన్‌కి కూడా మంచిదే. పొడి రన్‌వే, చాలినంత పొడవు ఉంటేనే. చిక్కు బ్రేకు అరగడం కన్నా బ్రేకు వేడెక్కడంలో ఉంది. 300 డిగ్రీలు దాటితే చల్లారేదాకా టేకాఫ్ లేదు. 25 నిమిషాల టర్నరౌండ్, బ్రేకు ఫ్యాన్లు లేని విమానం, మే నెల, ఈ మూడూ కలిస్తే ఆలస్యం ఖాయం. ఆ ఆలస్యంలో ఏపీయూ తిరుగుతుంది, మిగిల్చిన 15 కిలోలు పది నిమిషాల్లోపే ఆవిరి. కాబట్టి తర్వాతి టర్నరౌండ్ ఎంతో చూసుకుని నిర్ణయించాలి.

లెక్కల_డెస్క్:

అందరికీ థాంక్సండీ. ఇంటర్‌సెక్షన్ సంగతి మా జాబితాలో లాభం కింద ఉంది, మార్చాలి. ఇంకొకటి అడుగుతాను. ఏటీఎఫ్ (విమాన ఇంధనం) చవగ్గా ఉన్న రాష్ట్రంలో ఎక్కువ నింపుకుని వెళ్లమని ఫైనాన్స్ వాళ్ల ఒత్తిడి. ఎంత తేడా ఉంటే అది నిజంగా లాభం?

డిస్పాచ్_నైట్‌షిఫ్ట్:

ఒత్తిడి ఎందుకో అర్థమవుతుంది. ఏటీఎఫ్ జీఎస్టీలో లేదు, వ్యాట్ కొన్ని రాష్ట్రాల్లో 1 శాతం, కొన్నిచోట్ల 25 శాతం పైన. కట్టిన వ్యాట్‌కి క్రెడిట్ కూడా రాదు.

బరువు మోసే ఖర్చుకి చేతి లెక్క: మోసే అదనపు బరువులో గంటకు దాదాపు 3 శాతం కాలిపోతుంది. 2,000 కిలోలు ఎక్కువ వేసి గంటన్నర ఎగిరితే 90 కిలోలు దారిలోనే పోతాయి, చేరేది 1,910. అంటే ధరలో 5 శాతం తేడా ఉంటే అసలుకి అసలు సరిపోతుంది, లాభం సున్నా. ఫైనాన్స్ షీటు ఇక్కడితో ఆగిపోతుంది. రెండు టన్నులు బరువెక్కిన విమానానికి ఫ్లెక్స్ టెంపరేచర్ తగ్గుతుంది, దిగేటప్పుడు బ్రేకులు, టైర్లు ఎక్కువ శ్రమపడతాయి. ఇంజినీరింగ్ దగ్గర టన్నుకి ఇంత అని ఒక అంకె తీసుకుని షీటులో వరుసగా కలపండి. అది కలిపాక 6, 7 శాతం తేడా ఉన్న రూట్లు చాలావరకు జాబితాలోంచి జారిపోతాయి, 20 శాతం తేడా ఉన్నవి నిలుస్తాయి. గరిష్ఠ ల్యాండింగ్ బరువు, పొట్టి రన్‌వేలు, తడి రన్‌వే రోజులు ముందే వడకట్టండి.

దీనికి తిరగేసి చూస్తే అనవసర బరువు తీసేయడం రెండు వైపులా లాభం. తేలికైనది మంచినీళ్ల ట్యాంకు, ఎ320లో 200 లీటర్లు. గంటన్నర ఫ్లైట్‌కి సగం చాలు. వంద కిలోలు తగ్గితే సెక్టారుకు నాలుగున్నర కిలోలు, మీ 60 సెక్టార్లకు రోజుకు 270. చిన్నదే, కానీ ఖర్చు సున్నా. కొన్ని విమానాల్లో ఎంత నింపాలో ముందే సెట్ చేయొచ్చు. లేనివాటిలో వాటర్ ట్రక్కు కుర్రాడు పొంగేదాకా నింపుతాడు, ఎందుకంటే అతని షీటులో "ఫుల్" అనే గడి ఒక్కటే ఉంటుంది. ముందు ఆ షీటు మార్చండి.

బోర్‌స్కోప్_కన్ను:

ఒకటి మర్చిపోయాను. పది విమానాల్లో ఒకటో రెండో మిగతావాటికన్నా 2 శాతం ఎక్కువ తాగుతుంటాయి. ఇంజిన్‌ని అనుమానించే ముందు రెక్క చూడండి. క్రూజ్‌లో కిటికీలోంచి చూస్తే స్పాయిలర్ (రెక్క మీద లేచే పలక) అంచు కాస్త లేచి కనిపిస్తుందా, స్లాట్ (రెక్క ముందు అంచు పలక) సరిగ్గా కూర్చుందా, తలుపు సీలు దగ్గర ఈల వినిపిస్తుందా, రడ్డర్ ట్రిమ్ (తోక చుక్కాని సర్దుబాటు) ఎప్పుడూ ఒకవైపే ఉంటోందా. ట్రిమ్ రీడింగ్ తీసేముందు రెండు రెక్కల ఫ్యూయల్ సమానంగా ఉండాలి, లేకపోతే లేని తప్పు వెతుకుతారు. సరిచేశాక ఫ్లైట్ ప్లాన్‌లో ఆ విమానం పర్ఫార్మెన్స్ ఫ్యాక్టర్ (అది ఎంత ఎక్కువ తాగుతుందన్న అంకె) కూడా మార్చమనండి. మార్చకపోతే బాగైన విమానానికి కూడా పాత అంకెతోనే అదనంగా ఫ్యూయల్ వేస్తూనే ఉంటారు.

లెక్కల_డెస్క్:

ఏపీయూతో మొదలుపెడతాం. గంటలు స్టేషన్ వారీగా తీయాలా, విమానం వారీగానా?

ఏప్రాన్_సైడ్:

స్టేషన్ వారీగా, వీలైతే స్టాండ్ వారీగా. విమానం వారీగా తీస్తే అన్నీ ఒకేలా కనిపిస్తాయి. బ్లాక్‌ఆన్ అయిన (విమానం స్టాండ్‌లో ఆగిన) ఎన్ని నిమిషాలకు గ్రౌండ్ పవర్ తగిలిందన్నది పక్క కాలమ్‌లో పెట్టండి, ఏ స్టాండ్ జీపీయూ బాగుచేయాలో అక్కడే తెలిసిపోతుంది.