వాకింగ్‌లో ఖర్చయిన కేలరీలు మళ్లీ తినొచ్చా, వద్దా?

పానగల్లు వాకర్ (నల్లగొండ)

అందరికీ నమస్తే. నా బరువు 78 కిలోలు, రోజంతా కూర్చుని చేసే ఉద్యోగం. పొద్దున్నే ఎన్జీ కాలేజీ గ్రౌండ్‌లో గంటసేపు నడుస్తున్నాను. బరువు తగ్గాలంటే రోజుకు 1600 కేలరీలు తినమని ఫోన్‌లో యాప్ చెప్పింది. వాకింగ్ అయ్యాక చేతి వాచీ 410 కేలరీలు ఖర్చయ్యాయని చూపిస్తుంది. యాప్ వెంటనే వాటిని కలిపేసి ఇవాళ 2010 తినొచ్చు అంటుంది. నాతో నడిచేవాళ్లలో కొందరు తినమంటున్నారు, కొందరు తింటే ఇక నడిచి ఏం లాభం అంటున్నారు. ఎవరి మాట వినాలి?

పిల్లలమర్రి రన్నర్ (మహబూబ్‌నగర్)

అన్నా, అస్సలు తినొద్దు. బరువు తగ్గాలని పొద్దుగాల లేచి చెమటోడుస్తున్నావు. ఆ చెమటకు కూలి తిండి రూపంలో తీసుకుంటే మిగిలేదేముంది? క్లాక్ టవర్ దగ్గర బజ్జీల బండి నిన్ను పిలుస్తూనే ఉంటుంది. వాచీలో అంకె కనిపిస్తే కాలు అటే పోతుంది. 1600 అంటే 1600, అంతే.

జడ్చర్ల లెక్కల సార్

తినాలా వద్దా అనే ముందు ఆ 1600 ఎట్లా వచ్చిందో చూడాలి. చాలామంది ఇది చూడకుండానే వాదించుకుంటారు.

యాప్‌లు రెండు పద్ధతుల్లో లెక్క కడతాయి. మొదటి పద్ధతిలో మీ పని కూర్చుని చేసేదని తీసుకుని, వ్యాయామం ఊసే లేకుండా రోజు ఖర్చు లెక్కిస్తారు. అందులోంచి సుమారు 500 తగ్గించి మీకు చెబుతారు. మీ 1600 ఇట్లా వచ్చిందే అనుకుంటాను. అంటే మీరు ఒక్క అడుగు వేయకపోయినా బరువు తగ్గేలా కట్టిన లెక్క అది. ఇందులో వ్యాయామానికి అయిన ఖర్చు కలుపుకోవడం తప్పు కాదు. రెండో పద్ధతిలో వాకింగ్, జిమ్ అన్నీ ముందే రోజు ఖర్చులో కలిపేస్తారు. అక్కడ మళ్లీ తింటే ఒకే వాకింగ్‌ను రెండుసార్లు లెక్కేసినట్టు.

యాప్ మొదలుపెట్టేటప్పుడు చాలామంది గంట నడుస్తాం కదా అని 'మధ్యస్థ శ్రమ' అని నొక్కేస్తారు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్ల 2020 లెక్కల్లో 65 కిలోల మగవాడికి కూర్చుని చేసే పనైతే 2110, మధ్యస్థ శ్రమైతే 2710 కేలరీలు. తేడా 600. అది రోజంతా ఒళ్లు వంచి పనిచేసేవాళ్ల కోసం చెప్పిన మాట. గంట వాకింగ్‌కు 600 ఎక్కడివి?

ఇక మీ వాచీ సంగతి. గంటకు 5 కిలోమీటర్ల వేగంతో నడిస్తే శరీరం ఊరికే కూర్చున్నప్పటికంటే సుమారు మూడున్నర రెట్లు ఖర్చు చేస్తుంది. కూర్చున్నప్పుడు కిలో బరువుకు గంటకు సుమారు 1 కేలరీ. మీకు 78ని 3.5తో గుణిస్తే 273. నడవకుండా ఇంట్లో కూర్చున్నా అందులో 78 ఎట్లాగూ ఖర్చయ్యేవే, అవి మీ రోజు లెక్కలో ముందే ఉన్నాయి. తీసేస్తే వాకింగ్ వల్ల అదనంగా పోయింది 195. వాచీ చెప్పింది 410!

స్టాన్‌ఫోర్డ్ యూనివర్సిటీ వాళ్లు 2017లో చేతికి కట్టుకునే ఏడు పరికరాలను పరీక్షించారు. గుండె వేగాన్ని చాలావరకు బాగానే చెప్పాయి. కేలరీల్లో మాత్రం అన్నిటికన్నా మంచిదే సగటున 27 శాతం తప్పింది, అన్నిటికన్నా అధ్వానమైనది 93 శాతం.

మీరు 410 తింటే రోజుకు 215 ఎక్కువ తిన్నట్టు. వారానికి 1500. వారం మొత్తం మీద మీరు తగ్గించాలనుకున్నది 3500. దాదాపు సగం అక్కడే పోయింది. కాబట్టి నా మాట: వాచీ చూపించిన దాంట్లో సగం మించి తినొద్దు. ఆకలి లేకపోతే అదీ అక్కర్లేదు.

పిల్లలమర్రి రన్నర్

సగం కూడా ఎందుకు సార్? హెర్మన్ పాంట్జర్ బృందం టాంజానియాలో హడ్జా అనే వేటగాళ్ల మీద చేసిన పరిశోధన 2012లో వచ్చింది. రోజూ మైళ్లకు మైళ్లు నడిచే ఆ మనుషులు, వాళ్ల ఒంటి సైజును బట్టి చూస్తే, ఆఫీసుల్లో కూర్చునే అమెరికా వాళ్లతో సమానంగానే కేలరీలు ఖర్చు చేస్తున్నారని తేలింది. వ్యాయామం పెరిగితే శరీరం వేరేచోట ఖర్చు తగ్గించుకుంటుంది. మరి తినడానికి మిగిలిందెంత?

జడ్చర్ల లెక్కల సార్

ఆ పరిశోధన నిజమే. కానీ ఖర్చు మొత్తం మాయమైపోతుందని దానికి అర్థం కాదు. 2021లో వచ్చిన ఒక పెద్ద విశ్లేషణలో అదనంగా ఖర్చయ్యే ప్రతి 100 కేలరీల్లో సగటున సుమారు 28 శరీరం సర్దుకుంటుందని తేలింది. అంటే 72 మిగిలే ఉన్నాయి. లావుగా ఉన్నవాళ్లలో సర్దుబాటు ఇంకా ఎక్కువ. ఇది సగం కంటే తక్కువ తినమనడానికి కారణం అవుతుంది. అసలు తినొద్దనడానికి కాదు.

దేవరకొండ అక్క

తమ్ముడూ, 'అస్సలు తినొద్దు' అని అందరికీ ఒకే మాట చెప్పకు. ఇక్కడ చదివేవాళ్లలో ఆడపిల్లలూ ఉంటారు.

మా చెల్లెలు కానిస్టేబుల్ ఉద్యోగానికి ప్రిపేర్ అయ్యింది. 800 మీటర్ల పరుగు, లాంగ్‌జంప్, షాట్‌పుట్, రోజూ రెండు పూటలా గ్రౌండ్. బరువు తగ్గితే పరుగు బాగుంటుందని ఎవరో చెప్పారట, 1400 కేలరీలతో సరిపెట్టుకుంది. పరుగులో పోయినవి తిరిగి తినకూడదని పట్టు. కొన్ని నెలలకు నెలసరి ఆగిపోయింది. టైమింగ్ తగ్గలేదు సరికదా, పెరిగింది. మోకాలి కింద ఎముక నొప్పి వేరే. పెళ్లికాని పిల్ల, అమ్మ ఎంత టెన్షన్ పడిందో నాకు తెలుసు. డాక్టరమ్మ పరీక్షలన్నీ చేయించి, జబ్బేం లేదు, చేసే శ్రమకు తిండి చాలడం లేదని చెప్పింది.

దానికీ ఒక లెక్క ఉందని అప్పుడే తెలిసింది. బరువు 55 కిలోలు, కొవ్వు పావు వంతు అనుకుంటే మిగిలిన శరీరం 41 కిలోలు. 1400 తిని 500 పరుగులో పోతే మిగిలేది 900. కిలోకు 22. ఇది 30 కంటే తగ్గితే హార్మోన్లు దెబ్బతినే ప్రమాదం పెరుగుతుందట. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో దీనికి ఒక పేరు కూడా పెట్టి హెచ్చరించింది. ఇప్పుడు గ్రౌండ్ నుంచి రాగానే రెండు గుడ్లు, జొన్నరొట్టె, పప్పు తింటుంది. నెలసరి మళ్లీ మొదలైంది.

గంట వాకింగ్ చేసే మగవాళ్ల సలహా ఆ పిల్లలకు అంటగట్టొద్దు.

పిల్లలమర్రి రన్నర్

అక్కా, ఆ మాట ఒప్పుకుంటాను. నేను చెప్పింది వాకింగ్ చేసేవాళ్లకే.

వనపర్తి నర్సు

వాకింగ్ చేసేవాళ్లలోనూ ఒక రకం వాళ్లకు అది కుదరదు. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు, గ్లిమిపిరైడ్ లాంటి షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లు ఖాళీ కడుపుతో గంట నడిచి, ఆ తర్వాత కూడా తిండి వాయిదా వేస్తే షుగర్ పడిపోవచ్చు. చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, కళ్లు తిరుగుతాయి. అప్పుడు కేలరీల లెక్క పక్కన పెట్టి వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగాలి. 15 నిమిషాలాగి షుగర్ చూసుకుని, ఇంకా 70 కంటే తక్కువుంటే మళ్లీ తాగాలి. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏదీ పోయొద్దు, ఆస్పత్రికి తీసుకెళ్లాలి. బరువు తగ్గేకొద్దీ మాత్రల డోసు తగ్గించాల్సి రావచ్చు, డాక్టర్‌ను అడగండి.

మిర్యాలగూడ నుంచి

195 కేలరీలంటే తిండిలో ఎంతో కూడా చెప్పండి. ఒక పెద్ద చెంచా నూనె 120. గుప్పెడు పల్లీలు, అంటే 30 గ్రాములు, 170. సర్వపిండిలో ఈ రెండూ ఉంటాయి.

పానగల్లు వాకర్

అందరికీ థ్యాంక్స్. నాకు షుగర్ లేదు. యాప్‌లో కూర్చుని చేసే పని అనే పెట్టాను, కాబట్టి సార్ చెప్పిన మొదటి పద్ధతే. వాచీ నుంచి కేలరీలు కలిపే సెట్టింగ్ తీసేశాను. నడిచిన రోజు ఆకలేస్తే ఒక గుడ్డు, ఒక గ్లాసు మజ్జిగ అదనంగా తీసుకుంటాను. సార్, ఈ లెక్క నాకు సరిపోతుందో లేదో తెలిసేదెట్లా?

జడ్చర్ల లెక్కల సార్

రోజూ పొద్దున్నే బరువు చూసి రాసుకోండి, కానీ వారం సగటునే పట్టించుకోండి. ఉప్పు ఎక్కువ తిన్నా, రాత్రి ఆలస్యంగా తిన్నా మర్నాడు కిలో అటూఇటూ అవుతుంది, అది కొవ్వు కాదు. కిలో కొవ్వుకు సుమారు 7700 కేలరీలు. మీ లెక్కన వారానికి 400 నుంచి 450 గ్రాములు తగ్గాలి. మొదటి వారం నీరు పోయి ఎక్కువ తగ్గినట్టు కనిపిస్తుంది, దాన్ని వదిలేసి తర్వాతి నాలుగు వారాలు చూడండి. కిలోన్నర దాకా తగ్గితే ఇట్లాగే కొనసాగించండి. కిలో కూడా తగ్గకపోతే ముందు ఇంట్లో నూనె కొలవండి, అప్పటికీ కదలకపోతే ఆ అదనపు తిండి ఆపేయండి. రెండున్నర కిలోలు దాటి పడిపోతూ నీరసంగా ఉంటే ఇంకో జొన్నరొట్టె తినండి.